దంతాలపల్లి, వయా భూపాలపల్లి

బిక్షపతి కంటికి ఈ లోకంలో ఎప్పుడూ ఒకటే కనిపించేది: ముందట ఖాళీ. ఎంత ఇరుకు చోటైనా, ఎందరు కిక్కిరిసి ఉన్నా, ఆయనకు మాత్రం అవతలి కొసన నలుగురు పట్టేంత జాగా అగుపించేది. అగుపించాక నోరు మూసుకునే మనిషి కాదు. "ముందుకు జరుగుర్రి, జర ముందుకు జరుగుర్రి, ముందటంత ఖాళీనే ఉన్నది" అనేవాడు. మానుకోట బస్టాండులో ఆ గొంతు లేస్తే రైల్వే గేటు దగ్గర నిలబడ్డవాళ్లు కూడా ఓ అడుగు ముందుకు వేసేవారని చెప్పుకునేవారు.

ఆర్టీసీ కండక్టరు కనుక డ్యూటీలో అలా అరిస్తే తప్పు పట్టేవాడు లేడు. చిక్కేమిటంటే ఆయన బస్సు దిగినా ఆయన నోరు బస్సు దిగేది కాదు. జనగామలో ఒక పెళ్లికి వెళ్లి, భోజనాల బంతి దగ్గర నిలబడి జరుగుర్రి జరుగుర్రి అంటూ సర్ది సర్ది, చివరికి పెళ్లికొడుకు మేనమామను చేతులు కడుక్కునే తొట్టి దాకా చేర్చాడు. ఆ మేనమామ అలిగితే బతిమాలి తీసుకొచ్చేసరికి పప్పు చల్లారిపోయింది. చావింటికి వెళ్లినా అంతే. "చూసేటోళ్లు ఈ దిక్కు నుంచి రాండ్రి, చూసినోళ్లు ఆగకుంట ముందుకు పోండ్రి" అని వరుస కట్టించేవాడు. అది మాత్రం చాలామందికి నచ్చేది.

భూపాలపల్లి రూట్లో, అడవి మధ్యన, ముగ్గురే ముగ్గురు ప్రయాణికులున్న బస్సులో వాళ్లను కూడా ముందుకు జరిపాడని డ్రైవర్లు ఒట్టు పెట్టి చెబుతారు. ఇంట్లో ఆయన భార్య మంచాన్ని గోడకు ఆనించి వేయనిచ్చేది కాదు. నిద్రలో జరుపుతూ జరుపుతూ తనను గోడలోకి దూరుస్తాడని ఆమె భయం.

అన్నిటికంటే రాస్తారోకో నాటి కథ ఊరంతా తిరిగింది. ప్రత్యేక రాష్ట్రం కోసం చౌరస్తాలో బైఠాయించిన వాళ్లను పోలీసులు పట్టి వ్యానులో ఎక్కిస్తున్నారు. వ్యాను నిండింది, ఇక పట్టరు, మిగిలినవాళ్లను వదిలేద్దామని ఎస్సై అనుకుంటూ ఉండగా లోపలి నుంచి బిక్షపతి గొంతు లేచింది.

"ఎందుకు పట్టరు సార్? ముందటంత ఖాళీనే ఉన్నది. అన్నా, మీరు జర జరుగుర్రి. నిలబడ్డోళ్లు పైన రాడ్ పట్టుకోర్రి. ఇంకో వరుస పడ్తది."

పట్టింది. ఆ తర్వాత ఇంకొంతమంది కూడా పట్టారు. చాయ్ డబ్బా కొట్టు వెనకాల నక్కిన సంఘం నాయకుడు సైతం ఆ పిలుపు విని అలవాటు కొద్దీ వచ్చి ఎక్కేశాడు. తలుపు పడగానే బిక్షపతి "రైట్ రైట్" అన్నాడు, బండి కదిలింది. ఠాణాలో అందరూ ఆయన మీద పడ్డారు.

"నువ్వు మా దిక్కా, పోలీసోళ్ల దిక్కా?"

"దిక్కేందన్నా? జాగ ఉండంగ మనుషులను రోడ్డు మీద ఇడిసిపెట్టి పోతరా ఎవలన్న?" అన్నాడు బిక్షపతి, నిజంగానే బాధపడుతూ.

ఇలాంటి మనిషితో పక్కింటి గోడ పంచుకుని బతకడం రాజమణికి రాసిపెట్టి ఉంది. ఆమెకు ఆయన మీద కోపం లేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా కొంత ఓపిక కావాలి, అది ఆమె దగ్గర ఎప్పుడో అయిపోయింది.

రాజమణి అలసట ఒక రోజుది కాదు. అత్త ఎల్లక్కకు మతిమరుపు జబ్బు మొదలై ఏళ్లు దాటింది. మొదట్లో చాయ్‌లో ఉప్పు వేసింది, అందరూ నవ్వారు. తర్వాత పొయ్యి మీద గిన్నె మరిచింది, ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత కోడలిని మరిచింది. రాత్రంతా లేచి తిరిగేది, ఆమె వెనకాల రాజమణి తిరిగేది. తెల్లారితే రెండు చీరలు మూట కట్టుకుని గేటు దగ్గర నిలబడేది. పుట్టిన ఊరు దంతాలపల్లికి పోవాలట. అక్కడ ఎల్లక్క వాళ్లెవరూ మిగల్లేదు, ఇల్లు కూడా లేదు. ఆ సంగతి రోజూ కొత్తగా చెప్పి రోజూ ఏడిపించడం ఎందుకని రాజమణి చెప్పడం మానేసింది.

"ఎవల బిడ్డవు నువ్వు?" అని అడిగేది ఎల్లక్క, రాజమణి తల దువ్వుతుంటే.

"నీ కోడలినే అత్తమ్మా."

"కాదు కాదు. నా కోడలైతె నన్ను గేటు దాటనియ్యది. నువ్వు మంచిదానివి. మీ అత్త ఎవలో గని అదృష్టం చేసుకున్నది."

ఈ మెచ్చుకోలుకు సంతోషించాలో, ఏడవాలో తెలియక రాజమణి చిక్కు తీస్తూ కూర్చునేది.

వరంగల్ దవాఖానలో డాక్టరమ్మ ఓపికగానే చెప్పింది. మందులు కొంతవరకేనంది. రోజూ ఒళ్లు కదిలించాలి, చేతులు పైకి ఎత్తించాలి, కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టాలి, మెట్టు ఎక్కించి దించాలి, కాసేపు నడిపించాలి. కుదురు వస్తుంది, నిద్ర పడుతుంది, పడిపోకుండా ఉంటుంది. "ఆమెను ఒక్కదాన్నే చెయ్యమంటే చేయదమ్మా. నువ్వు కూడా పక్కన చెయ్యి. నీకు కూడా అవసరమే" అంది. నాకు కావాల్సింది కసరత్తు కాదు డాక్టరమ్మా, ఒక పూట నిద్ర, అన్న మాట రాజమణి నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఉన్న పనుల మీద ఇంకో పని పడిందనుకుంటూ ఇంటికొచ్చింది.

మర్నాడు మొదలుపెట్టింది.

"అత్తమ్మా, చేతులు పైకెత్తు."

"ఎందుకు, పోలీసోళ్లొచ్చిండ్రా?"

"రాలే. జర లేచి, మళ్ల కూసో."

"ఒక్కటన్న చెప్పు బిడ్డా. లేవాల్నా, కూసోవాల్నా?"

"పోనీ, నడువు."

ఆ ఒక్క మాట ఎల్లక్కకు నచ్చింది. లేచి, మూట చంకన పెట్టుకుని, గేటు తీసుకుని నడిచింది. రాజమణి వీధి చివరి దాకా పరుగెత్తి పట్టుకొచ్చింది. ఆ రోజుకు ఆమె కసరత్తు అయిపోయింది.

భర్త మధుకర్ నీటిపారుదల ఆఫీసులో గుమాస్తా. సకల జనుల సమ్మె మొదలై ఆఫీసులు, బళ్లు, బస్సులు అన్నీ బందైనప్పటి నుంచి పొద్దున్నే దీక్షా శిబిరానికి పోయి, నినాదాలిచ్చి ఇచ్చి గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. రాష్ట్రం వస్తుందో రాదో తెలియదు, జీతం రాదని మాత్రం తెలుసు. చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. జనగామ నుంచి ఆడబిడ్డ విజయ రోజూ ఫోన్ చేసేది. విజయ గొంతుకు ఫోన్ అక్కర్లేదని మధుకర్ అనేవాడు.

"అమ్మను బయటికి ఎందుకు పోనిస్తున్నవ్ రాజమణీ? మా తాన ఒకాయన గిట్లనే పోయి పోయి రైలు పట్టాల మీద దొరికిండు. వెనక అర్రల ఉంచి తాళం ఎయ్యుర్రి. నాకు మాత్రం ఇష్టమా? ఏమన్న అయితె తర్వాత ఏడిస్తె లాభమేంది? సమ్మె అయినంక బస్సులు తిరగంగనే వస్తా. అప్పటికి గూడ గిట్లనే ఉంటె నేనే ఏస్తా తాళం."

మధుకర్ ఒక తాళం కొనుక్కొచ్చి గూట్లో పెట్టాడు. అగ్గిపెట్టె తీసుకున్నప్పుడల్లా అది రాజమణి చేతికి చల్లగా తగిలేది. వెనక గదికి కిటికీ కూడా సరిగా లేదు. అత్తను అందులో పెట్టి తాళం వేసిన చేత్తో అన్నం ఎలా కలుపుతాననుకునేది. ఆ వెంటనే, వేస్తే ఒక పూట నిద్ర పోవచ్చు కదా అని కూడా అనిపించేది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది. అనిపించడం మాత్రం మానలేదు.

ఒక మధ్యాహ్నం కునుకు పట్టి లేచేసరికి ఎల్లక్క లేదు. ఎండలో చెప్పులు కూడా లేకుండా రాజమణి పట్టాల దాకా పోయి చూసింది, కురవి రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు జరుగుతుంటే ఆ పొయ్యిల మధ్యన వెతికింది. చివరికి బస్టాండులో దొరికింది. ఇంజను చెడిపోయి, డిపోకు కూడా పోలేక మూలన పడి ఉన్న ఒక బస్సులో, కిటికీ పక్క సీట్లో, ఒళ్లో మూట పెట్టుకుని హాయిగా కూర్చుంది. ముందు సీట్లో బిక్షపతి ఉన్నాడు. బస్సులు ఆగినా బస్సు ఎక్కకుండా ఉండలేక ఆయన రోజూ వచ్చి అందులో కూర్చుంటాడట.

"ఎప్పుడు పోతది బస్సు?" అని అడుగుతోంది ఎల్లక్క.

"తెలంగాణ వచ్చినంక పోతదవ్వా."

"ఎప్పుడొస్తది?"

"గదే ఎవలకు తెల్వది."

"అయితె కూసుంట" అంది ఎల్లక్క నెమ్మదిగా.

రాజమణి మెట్టు మీదే కూలబడింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే డాక్టరమ్మ చెప్పింది, తాళం సంగతి, ఆడబిడ్డ మాట, అన్నీ కక్కేసింది. ఆమెను ముందుకు జరగమనకుండా బిక్షపతి అంతసేపు విన్నది అదే మొదటిసారి.

"ఇంట్ల నిమిషం ఆగని మనిషి ఈడ గింతసేపు ఎట్ల కూసున్నదో చూసినవా చెల్లె? అవ్వకు పోవాలె. గంతే. ఇంతకు డాక్టరమ్మ ఏం చెయ్యుమన్నది, మళ్ల చెప్పు."

"చేతులు పైకెత్తాలె. లేసి కూసోవాలె. మెట్టు ఎక్కి దిగాలె. నడవాలె."

"గివేనా? గివన్ని మా బస్సుల రోజు చేస్తరు, పైసలిచ్చి టికెట్ కొనుక్కోని."

మర్నాడు పొద్దున రాజమణి ఇంకా పళ్లు తోముకోకముందే ఆయన వాకిట్లోకి దిగాడు. పందిరి కింద రెండు వరుసల్లో కుర్చీలు, పీటలు వేశాడు. తన ఇంట్లోంచి పొడుగు బెంచీ మోసుకొచ్చి ఒక పక్కన వేసి, దాని పైన గోడ మీద బొగ్గుతో స్త్రీలకు అని రాశాడు. దండెం విప్పి తలకు పైన బిగించి కట్టాడు. అదే పట్టుకునే రాడ్డు. అరుగు మెట్టు ఫుట్‌బోర్డు అయింది. పాత క్యాలెండరు చింపి టికెట్లు చేశాడు. ఎల్లక్క మూటతో సహా ఎక్కి, నాలుగు దిక్కులా చూసి, పనికొచ్చే ప్రశ్న ఒకటి వేసింది.

"డ్రైవరేడి?"

శిబిరానికి బయల్దేరుతున్న మధుకర్‌ను పట్టుకుని ముందు కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి అన్నం తినే పళ్లెం ఇచ్చారు. రాష్ట్రం కోసం ఏ త్యాగానికైనా సిద్ధమని రోజూ మైకులో చెప్పే మనిషి, పళ్లెం తిప్పడానికి మాత్రం అటూ ఇటూ చూశాడు. తర్వాత రోజుల్లో ఆయన మెల్లగా జారుకుంటే, "డ్రైవర్ చాయ్ తాగ పోయిండవ్వా" అని సర్దిచెప్పేవాడు బిక్షపతి. "ఎప్పుడు జూడు చాయేనా వీనికి?" అని ఎల్లక్క విసుక్కునేది. కొడుకు విషయంలో ఆమె అంచనా ఆ జబ్బులో కూడా తప్పలేదు.

"నేనెందుకన్నా?" అంది రాజమణి మొదటి రోజు. "నాకు గిన్నెలున్నయ్. బట్టలున్నయ్."

"ఇద్దరికి టికెట్ కొట్టిన చెల్లె. ఒక్కరే ఉంటె చెకింగోళ్లు నా నౌకరి తీస్తరు. ఎక్కు. ముందుకు జరుగు."

"ముందట గోడ ఉన్నదన్నా."

"గోడ దాక జరుగు."

రైట్ రైట్. బస్సు కదిలింది. మూల మలుపు వస్తే అందరూ ఎడమకు ఒరగాలి, ఇంకో మలుపు వస్తే కుడికి. రాడ్డు పట్టుకోవడానికి చేతులు పైకి వెళ్లాయి. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా సీట్లోంచి లేచి కూర్చోవాలి. "కురవి వచ్చింది, వీరన్నకు దండం పెట్టుర్రి" అంటే, పోలీసులొచ్చారా అని అడిగిన ఎల్లక్కే రెండు చేతులూ నెత్తికి పైగా ఎత్తి, కళ్లు మూసుకుని దండం పెట్టింది. దిగేవాళ్లకు దారి ఇవ్వాలి కనుక మెట్టు దిగి మళ్లీ ఎక్కింది. మరిపెడలో కాళ్లు సాగదీసుకోవడానికి వాకిలి చుట్టూ తిరిగారు. దంతాలపల్లి అనగానే మూటతో దిగి, ఒక్క క్షణం నిలబడి చూసింది.

"వచ్చినమా?"

"వచ్చినమవ్వా."

"ఇగ చాలు. ఆకలైతాంది, ఇంటికి పోదాం" అని ఎల్లక్క తనంతట తానే ఇంట్లోకి నడిచి, పీట వాల్చుకుని కూర్చుంది. రాజమణి అలాగే చూస్తూ నిలబడింది. అన్నం పెట్టడానికి ఆమెకు కాసేపు చేతులు రాలేదు.

అట్లా రోజూ నడిచింది ఆ బస్సు. ఎల్లక్క ఊరికి పోయి వచ్చిన మనిషిలా పగలంతా కుదురుగా ఉండేది. రాత్రుళ్లు తిరగడం తగ్గింది, పోలేదు. గేటు దగ్గర నిలబడితే, "బస్సు పొద్దుగాల ఉన్నదత్తమ్మా" అంటే చాలు, వెనక్కి వచ్చేది. రాజమణి భుజాలు మొదట నొప్పి పెట్టాయి, తర్వాత తేలికపడ్డాయి. కురవిలో దండం అయ్యాక బిక్షపతి ఆమెను బెంచీ మీద కూర్చోమనేవాడు, ఆడవాళ్ల సీటు ఖాళీగా పోవడం రూలు ప్రకారం తప్పట. కూర్చోగానే ఆమె కన్ను ఒక్క లిప్త మూతపడేది. తెరిచేసరికి చెవి దగ్గరే ఆయన గొంతు మోగేది: "మరిపెడ, మరిపెడ, దిగేటోళ్లు ముందుకు రావాలె."

అంతా బాగానే ఉంది కానీ, రెండో వారంలో బిక్షపతి దారి తప్పడం మొదలుపెట్టాడు.

"మరిపెడ రోడ్డు మీద రాస్తారోకో ఉన్నది. బస్సు గూడూరు మీదికెళ్లి పోతది" అని ప్రకటించాడు ఒక పొద్దున. గూడూరు ఒక దిక్కు, దంతాలపల్లి ఇంకో దిక్కు. సరేలే అనుకుంది రాజమణి. ఇంకో రెండు రోజులకు బస్సు జనగామ మీదుగా పోయింది. ఆ పై వారం భూపాలపల్లి మీదుగా, అక్కడి నుంచి జనగామ తిరిగి, అప్పుడు దంతాలపల్లి. పక్క వీధికి పోవడానికి ఊరంతా తిరిగినట్టుంది. ఎల్లక్కకు మాత్రం ఏ అభ్యంతరమూ లేదు, బస్సు కదిలితే చాలు. బస్సు దిగేసరికి పొద్దు దండెం దాటి పోయేది, అంట్లు అలాగే పడి ఉండేవి.

"అన్నా, దంతాలపల్లికి పోయేటందుకు భూపాలపల్లి ఎందుకు?" అని అడిగేసింది ఒకనాడు.

"ఏం జేస్తం చెల్లె. యాడ జూసినా రోడ్లు బంద్."

"వాకిట్ల గూడ బందేనా?"

"ఉద్యమం గద. వాకిలి ఏం మినహాయింపు?"

"నీ బస్సుతోని నాకు పొద్దంత పోతాంది."

"మెల్లగ పోయిన బస్సే ఇల్లు చేరుతది" అని ఆయన టికెట్లు చింపుకోవడంలో పడ్డాడు.

ఆర్టీసీ బస్సు లేక ఈయనకు తిక్క ముదిరిందనుకుంది రాజమణి. మధుకర్ కూడా అదే అన్నాడు. "తినేటోనికి పళ్లెం, తిరిగేటోనికి బస్సు ఉండాలె. ఆయనకు తిరగబుద్ధి అయితాంది, మనలను అడ్డం పెట్టుకొని తిరుగుతాండు." నిజమేననిపించింది ఆమెకు. అయినా రోజూ ఎక్కుతూనే ఉంది, తాళం గూట్లోనే ఉంది మరి.

దసరా వెళ్లిపోయింది. ఒక సాయంత్రం బస్సులు రోడ్డెక్కుతున్నాయని కబురొచ్చింది. రాష్ట్రం మాత్రం రాలేదు. శిబిరంలో డేరా విప్పుతుంటే చూడలేక మధుకర్ త్వరగా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లు ఎందుకు కూర్చున్నామో, ఇప్పుడు ఎందుకు లేస్తున్నామో తెలియని అలసట అది. రాజమణి అలసట వేరు. బస్సులు తిరిగితే విజయ వస్తుంది, బిక్షపతి డ్యూటీకి పోతాడు, పందిరి కింద కుర్చీలు కుర్చీలైపోతాయి. ఆ రాత్రి ఆమె అగ్గిపెట్టె కోసం గూట్లో చేయి పెట్టలేదు.

తెల్లారి బిక్షపతి ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఇదే ఆఖరి ట్రిప్పేమో అనుకుంటూ రాజమణి ఎక్కింది. ఒరిగింది, లేచింది, కూర్చుంది, కురవి వీరన్నకు మామూలు కంటే గట్టిగా దండం పెట్టుకుంది. బెంచీ మీద కూర్చుంది. కన్ను మూతపడింది.

మెలకువ వచ్చేసరికి ఏ గొంతూ వినిపించలేదు. బిక్షపతి ఉన్న చోట చప్పుడు లేదంటే ఆయన డ్యూటీకి పోయి ఉండాలి, అత్త గేటు దాటి ఉండాలి. కదలబోయి, సగం తెరిచిన కంటితోనే ఆగిపోయింది.

బిక్షపతి అక్కడే ఉన్నాడు. ఎల్లక్క చేయి పట్టుకుని వాకిలి చుట్టూ అడుగులో అడుగు వేయిస్తున్నాడు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, దోమ కూడా వినలేనంత మెల్లగా, "భూపాలపల్లి... దిగేటోళ్లు దిగాలె... రైట్... రైట్..." అంటున్నాడు. రైల్వే గేటు దాకా వినిపించే ఆ గొంతు బెంచీ దాకా రావడం లేదు. రాజమణి తల కింద ఒక దిండు ఉంది. అది తన ఇంటి దిండు కాదు. ఎండ దండెం దాటి చాలాసేపైంది.

అప్పుడే గేటు తీసుకుని సంచీతో విజయ వచ్చింది. వాకిట్లో ఖాకీ చొక్కా మనిషి, తల్లి, బెంచీ మీద నిద్రపోతున్న మరదలు. విజయ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి మాట వస్తే ఏమవుతుందో బిక్షపతికి తెలుసు. రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"అక్కా, ఆగుర్రి. ఆడనే ఆగుర్రి. ముందుకు జరగకుర్రి" అన్నాడు గుసగుసగా.

ఇన్నేళ్ల సర్వీసులో ఆయన ఒక మనిషిని ముందుకు జరగవద్దనడం అదే మొదలు. అది వినడానికి ఆయన తోటి కండక్టర్లు ఎవరూ అక్కడ లేకపోయారు.

"ఏందిది?" అంది విజయ. ఆశ్చర్యంలో ఆమె గొంతు కూడా తగ్గింది.

"ప్యాసింజర్ పండుకున్నది. జనగామ దాక లేపద్దు."

"రోజు గిట్లనేనా?"

"రోజు గిట్లనే అక్కా. మొదట్ల మరిపెడ వచ్చేసరికి లేస్తుండె. మరిపెడ ఎంత దూరం, కన్ను మూసి తెరిచేంతల వస్తది. గందుకే గూడూరు కలిపిన. గూడూరు సాలలే, జనగామ కలిపిన. ఇప్పుడు పాపం భూపాలపల్లి దాటినా లేస్తలేదు. కన్ను మెదుల్తె చాలు, గట్టిగ మరిపెడ అని కేకేస్త. తెల్వనియ్యద్దు. తెలిస్తె గిన్నెలున్నయని లేచి పోతది."

విజయ సంచీ మెల్లగా కింద పెట్టింది. ఎల్లక్క మాత్రం వచ్చినావిడను ఎగాదిగా చూసింది. కూతురని పోల్చుకోలేదు. వేలు పెదాల మీద పెట్టింది.

"మెల్లగ మాట్లాడు బిడ్డా. ఆ పిల్ల పండుకున్నది. వాళ్ల అత్త ఎసొంటిదో గని, రాత్రంత నిద్ర పోనియ్యదట."

రాజమణి కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్లు మాత్రం తెరవలేదు. తెరిస్తే బస్సు ఆగిపోతుంది. కంటి కొసల్లోంచి నీళ్లు దిండు మీదికి జారాయి కానీ, ఆ ఏడుపులో సగానికి పైగా నవ్వే ఉంది.

"యాడికి పోవాలె నువ్వు?" అని విజయను అడిగింది ఎల్లక్క.

విజయ తల్లి మొహం చూసింది, మూట చూసింది, గోడ మీద బొగ్గు రాత చూసింది. "దంతాలపల్లికే" అంది.

"నేను గూడ గాడికే. ఇటు కూసో. నేను జరుగుతా" అని ఎల్లక్క సీట్లో ఆ చివరకు జరిగి కూతురికి చోటిచ్చింది. బిక్షపతి ఒక క్యాలెండరు ముక్క చింపి విజయ చేతిలో పెట్టాడు. జనగామ నుంచి జనగామ మీదుగా దంతాలపల్లికి పోయిన ప్రయాణికురాలు విజయ ఒక్కతే అయి ఉంటుంది. కుదుపు వచ్చినప్పుడు ఆమె కూడా తల్లితో పాటు లేచి కూర్చుంది.

దంతాలపల్లి వచ్చాక, బిక్షపతి గొంతు తిరిగొచ్చాక, అందరూ చాయ్ తాగుతుంటే విజయ గూడు దగ్గరికి పోయి తాళం చేతిలోకి తీసుకుంది. లోపలి నుంచి చాయ్‌కి వచ్చిన మధుకర్ గ్లాసు దించాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తన సంచీలో పడేసుకుంది.

"మా కోళ్ల గూటికి తాళం లేదు. ఉంటె మంచిదే" అంది.

ఇంకా ఒక సంగతి తేలవలసి ఉంది. అడగడానికి రాజమణికి నోరు రాలేదు కానీ, అడగక తప్పలేదు.

"అన్నా, నీకు డ్యూటీ మొదలైంది గద?"

"మధ్యాహ్నం షిఫ్ట్ అడిగి తీసుకున్న చెల్లె. పొద్దటి ట్రిప్పు ఈడ ఉండంగ ఆడ ఎట్ల ఎక్కుత? ఇంట్ల ఆమె గూడ మంచిదే అన్నది. పొద్దుగాల ఇంట్ల ఉంటె వంటింట్ల గిన్నెలన్ని ముందుకు జరుపుతున్ననట."

ఆయన చొక్కా సర్దుకుని గేటు దాకా పోయాడు. రాజమణి వెనకే వెళ్లింది. దిండు సంగతి, గుసగుస సంగతి తనకు తెలిసిపోయిందని చెబితే ఆయన సిగ్గుతో మళ్లీ రాడేమోనని భయపడింది. చెప్పకుండా ఉండడం కూడా చేతకాలేదు.

"రేపు ఏ రోడ్డు బంద్ ఉన్నదన్నా?" అంది.

బిక్షపతి ఆమె మొహంలోకి చూశాడు. అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి.

"నీ ఇష్టం చెల్లె. ఎంత దూరం పోదామంటవ్?"

రాజమణి ఆలోచించింది. చాలా రోజుల తర్వాత ఆమెను ఎవరో ఏం కావాలని అడిగారు.

"ఆదిలాబాద్ మీదికెళ్లి పోదామా?"

"అమ్మో, శాన దూరం" అన్నాడు బిక్షపతి. "ఈసారి దుప్పటి గూడ తెస్తా."